తంత్రశాస్త్రమునకు సాక్ష్యము కోరిన న్యాయమూర్తి: సర్ జాన్ ఉడ్రాఫ్



మన తెలుగునాట 'తంత్రము' అను మాటకు పట్టిన గతి విచిత్రమైనది. మోసగానిని చూచి 'వీడేదో తంత్రము పన్నినాడు' అందుము. కపటోపాయమునకు కుతంత్రమని పేరు పెట్టుకొంటిమి. మంత్రతంత్రములని ఎవరైన అన్నచో చేతబడియో బాణామతియో తలపునకు వచ్చును. సంస్కృతమున ఆ మాటకు మగ్గముపై సాచి కట్టిన పడుగు అని అర్థము. విస్తరింపజేయుట అను ధాతువు నుండి పుట్టినది. జ్ఞానమును విస్తరింపజేసి సాధకుని రక్షించునది తంత్రమని పెద్దలు చెప్పుదురు. ఇంత చక్కని మాట ఇంత హీనార్థమునకు దిగజారుటకు కారణమేమో కాని, ఆ శాస్త్రముతో మనకేమి సంబంధమని అనుకొనుట మాత్రము పొరపాటు.

ఏ ఆలయమునకేగినను అర్చకస్వామి అంగన్యాస కరన్యాసములు చేయుట చూచుచున్నాము. భూతశుద్ధి, ముద్రలు, బీజాక్షరములు, విగ్రహమునకు ప్రాణప్రతిష్ఠ, ఇవన్నియు ఆగమతంత్రముల మార్గమున వచ్చినవే. తిరుమలలో వైఖానసాగమము, పెక్కు వైష్ణవాలయములలో పాంచరాత్రము, శివాలయములలో శైవాగమములు ప్రమాణములు. పాంచరాత్రములో లక్ష్మీతంత్రమను పేరుగల గ్రంథమే కలదు. శుక్రవారము పూట మన ఇండ్లలో ముత్తైదువలు పారాయణము చేయు లలితాసహస్రనామమునందు మూలాధారాది చక్రములలో అమ్మవారి నివాసము వర్ణింపబడినది. అలంపురమున జోగులాంబ, శ్రీశైలమున భ్రమరాంబ శక్తిపీఠములై వెలసిన నేల ఇది. నిత్యము చేయుచున్న పూజకు ఆధారమైన శాస్త్రమును మనమే నిందావాచకముగ వాడుకొంటిమి!

నూరేండ్ల క్రిందట పరిస్థితి ఇంతకంటె దుస్సహముగ ఉండెను. వేదములను, ఉపనిషత్తులను మెచ్చుకొనిన పాశ్చాత్య పండితులు సైతము తంత్రములను చదువకయే త్రోసివేసిరి. వారి చదువులు చదివిన మనవారును ఆ మాటనే వల్లించి సిగ్గుపడిరి. అట్టి కాలమున కలకత్తా హైకోర్టు న్యాయపీఠముపై కూర్చుండిన ఒక ఆంగ్లేయుడు, ఈ శాస్త్రముపై ఇంతవరకు జరిగినదంతయు ప్రతివాదికి నోటీసైనను ఇవ్వక చెప్పిన ఎక్స్‌పార్టీ తీర్పు వంటిదని గ్రహించెను. ఆయన సర్ జాన్ జార్జ్ ఉడ్రాఫ్. లోకమునకు ఆయన 'ఆర్థర్ అవలాన్' అను మారుపేరుతోనే ఎక్కువ పరిచితుడు.

ఉడ్రాఫ్ గారు 1865 డిసెంబరు 15వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి జేమ్స్ టిస్డాల్ ఉడ్రాఫ్ పేరెన్నికగన్న న్యాయవాది, బెంగాలు అడ్వొకేట్ జనరల్ పదవి నిర్వహించినవారు. కుమారుడు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ కళాశాలలో న్యాయశాస్త్రము అభ్యసించి, 1889లో లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ ద్వారా బారిస్టరై, మరుసటి సంవత్సరమే పుట్టిన ఊరికి తిరిగివచ్చి హైకోర్టులో చేరిరి. ఆ పిదప వారి పురోగమనము శీఘ్రముగ సాగెను. 1897లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఠాగూరు న్యాయోపన్యాసకులైరి. ఇంజంక్షన్లను గూర్చి, రిసీవర్లను గూర్చి గ్రంథములు వ్రాసిరి. 1902లో భారత ప్రభుత్వమునకు స్టాండింగ్ కౌన్సెల్, 1904లో హైకోర్టు న్యాయమూర్తి, 1915లో సర్ బిరుదము. అదే సంవత్సరమున కొంతకాలము తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగను వ్యవహరించిరి. 1922లో పదవీవిరమణ చేసి, ఆక్స్‌ఫర్డ్‌లో 1930 వరకు భారతీయ న్యాయశాస్త్రము బోధించిరి. ఉద్యోగచరిత్ర వరకు ఇంతే. ఇట్టి చరిత్ర గల దొరలు ఆనాడు ఎందరో కలరు. వారి పేర్లు నేడు లా రిపోర్టులలో తప్ప కానరావు.

అయితే ఆ న్యాయవాద జీవితములోని ఒక గ్రంథమును గూర్చి ఇచట ఆగి చెప్పుకొనవలసియున్నది. సయ్యద్ అమీర్ అలీ గారితో కలిసి ఉడ్రాఫ్ గారు సాక్ష్య చట్టముపై ఒక బృహద్వ్యాఖ్యానము రచించిరి. 1898లో వెలువడిన ఆ పుస్తకము తరతరముల వకీళ్ళ బల్లలపై ఉండెను. మన కుటుంబములలో ప్లీడర్లున్నచో 'అమీర్ అలీ - ఉడ్రాఫ్' అను జంటపేరు వినియేయుందురు. 1872 నాటి ఆ చట్టము స్థానమున 2024 జూలై 1వ తేదీ నుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. చట్టము మారినను మూలసూత్రములు చెక్కుచెదరలేదు. ఎవరో చెప్పగా విన్నానను మాట సామాన్యముగ సాక్ష్యము కానేరదు, చూచినవాడే వచ్చి చెప్పవలెను. దస్తావేజులో ఏమి వ్రాసియున్నదో తేల్చుటకు సాధారణముగ ఆ దస్తావేజునే కోర్టు ముందుంచవలెను.

ఈ రెండు సూత్రములను జ్ఞాపకముంచుకొని చూచినచో ఉడ్రాఫ్ గారి రెండవ జీవితమంతయు మనకు సుబోధమగును. తంత్రములు నీచములని చెప్పువారిని మీరు చదివిరాయని అడిగినచో, చదువలేదు, విన్నామని సమాధానము. చదువుదమన్నను పుస్తకమేది? తాళపత్రములలో, చేతివ్రాత ప్రతులలో, గురుశిష్య పరంపరలో మరుగుపడియున్నవి. కనుక మొదట దస్తావేజు రావలెను. 1913లో మహానిర్వాణతంత్రమునకు ఆంగ్లానువాదము వెలువడెను. ఆ సంవత్సరమే 'తాంత్రిక్ టెక్స్ట్స్' అను గ్రంథమాల సంస్కృత మూలములతో ఆరంభమయ్యెను. తంత్రాభిధానము, షట్చక్రనిరూపణము, ప్రపంచసారము, కులచూడామణి, కులార్ణవము, తంత్రరాజము, కామకలావిలాసము ఒకదాని వెంట ఒకటి అచ్చులోనికి వచ్చెను. హిందూ తంత్రములే కాక బౌద్ధుల శ్రీచక్రసంభారము కూడ ఆ మాలలో చేరినది. వీనిలో పెక్కింటికి పండితులు పరిష్కర్తలు. తారానాథ విద్యారత్న వంటివారి పేర్లు ఆ సంపుటములపై అచ్చుపడియున్నవి.

షట్చక్రనిరూపణము పదునారవ శతాబ్దమునకు చెందిన పూర్ణానందయతి రచన. ఆయన శ్రీతత్త్వచింతామణి అను పెద్ద గ్రంథములోని ఒక ప్రకరణము. దానిని అనువదించి, సుదీర్ఘమైన ఉపోద్ఘాతముతో 'ది సర్పెంట్ పవర్' అను పేర 1919లో ప్రకటించిరి. కుండలినీ యోగమును గూర్చి నేడు ఐరోపా అమెరికా ఖండములలో ఎవరేమి మాటాడినను ఆ మాట వంశవృక్షము వెదకినచో చాలవరకు ఈ పుస్తకము దగ్గరకే చేరును. అందులో కొందరు పూర్ణానందయతి ఎవరో కూడ ఎరుగరు. అది వేరు సంగతి. 1918లో వచ్చిన 'శక్తి అండ్ శాక్త' వ్యాససంపుటి సామాన్య పాఠకునికి సులభము. శాక్తదర్శనము అద్వైతమునకు ఎట్లు సన్నిహితమో, ఎచట భేదించునో అందు విశదీకరించిరి. మాయ అనగా మిథ్య మాత్రమే కాదు, అది తల్లియొక్క శక్తియని చెప్పు సిద్ధాంతమును పాశ్చాత్యులకు తెలియునట్లు చెప్పుట సులభమైన పని కాదు. శ్రుతి వైదికమని, తాంత్రికమని రెండు విధములని మనుస్మృతి వ్యాఖ్యాత కుల్లూకభట్టు ఉదాహరించిన ప్రమాణమును ఉడ్రాఫ్ గారు ఈ వాదమున ముందుంచిరి. వేదమును ఒప్పుకొని తంత్రమును త్రోసివేయువారికి అది గట్టి సమాధానము.

ఇంతటి పనిని మారుపేరుతో చేయుటయేల? ఆ దినములను స్మరింపుడు. 1905లో బంగాళాఖండ విభజన, 1908లో ముజఫర్‌పూరు బాంబు, ఆ వెంటనే అలీపూరు కుట్రకేసు. విప్లవకారులు కాళికాదేవి ఎదుట ప్రమాణము చేయుచున్నారని ప్రభుత్వమునకు అనుమానము. లండన్ టైమ్స్ పత్రిక విలేఖరి వాలెంటైన్ చిరోల్ 1910లో ప్రచురించిన 'ఇండియన్ అన్‌రెస్ట్' గ్రంథమున శక్తిపూజకును హత్యలకును ముడిపెట్టెను. అట్టి సమయమున హైకోర్టు జడ్జి ఒకరు కాళీతత్త్వమును సమర్థించుచు పుస్తకములు వ్రాయుట సామాన్య విషయమా? ఆర్థర్ అవలాన్ అను పేరు, ఆర్థర్ రాజు అవలాన్ ద్వీపమున శయనించిన ఘట్టమును చూపు బర్న్ జోన్స్ చిత్రము నుండి గ్రహించినదని చెప్పుదురు. కాలక్రమమున ఆ ముసుగు తొలగి ఉడ్రాఫ్ గారు తమ పేరుతోనే పుస్తకములు ప్రకటించిరి.

కాని మారుపేరునకు ఇంకొక కారణము కలదు. మన దృష్టిలో అదియే ముఖ్యము. అవలాన్ అను పేరు తన ఒక్కనిది కాదని, ఇతరుల సహకారముతో జరిగిన పనికి గుర్తని ఉడ్రాఫ్ గారే సూచించిరి. ఆ ఇతరులలో ప్రథముడు అటల్ బిహారీ ఘోష్. ఆయనయు న్యాయవాద వృత్తిలోనివారే. ఆగమానుసంధాన సమితి అను సంస్థను నడపి ప్రతులను సేకరించి గ్రంథమాలకు వెన్నెముకయై నిలిచిరి. క్యాథ్లీన్ టేలర్ అను ఆంగ్ల విదుషి 2001లో ప్రచురించిన పరిశోధన గ్రంథమున ఈ విషయమును లోతుగా పరిశీలించి, సంస్కృత పాఠముల భారమును ప్రధానముగ ఘోష్ గారే వహించిరని, ఉడ్రాఫ్ గారి సంస్కృతజ్ఞానము పరిమితమేనని తేల్చిరి. ఇది విని కొందరు అభిమానులు నొచ్చుకొందురు. నొచ్చుకొనవలసినది ఏమున్నది? సాక్ష్యమునకు విలువనిచ్చిన మనుజుని చరిత్రను సాక్ష్యము ప్రకారమే చెప్పుకొనుట వారికి గౌరవమే. ఆంగ్లమున వాదము నిర్మించుట, ప్రతిపక్షమువారి ఆక్షేపణలను ముందుగనే ఊహించి సమాధానము చెప్పుట, ఏ మాటను ఎంతవరకు చెప్పవచ్చునో అంతవరకే చెప్పుట, ఇవి న్యాయమూర్తి చేతి గుర్తులు. పాఠము ఘోష్ గారిది, పట్టుదల ఇద్దరిదియు.

గురువును గూర్చియు ఒక మాట. నదియా ప్రాంతపు కుమారఖాలీకి చెందిన శివచంద్ర విద్యార్ణవ భట్టాచార్యులు ఆనాటి శాక్తులలో అగ్రగణ్యులు. ఆయన వంగభాషలో రచించిన తంత్రతత్త్వము అను గ్రంథము తంత్రనిందకులకు నిప్పులు చెరుగు సమాధానము. అవలాన్ పేర అది 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ తంత్ర' అను రెండు భాగములుగా 1914, 1916 సంవత్సరములలో ఆంగ్లమున వచ్చెను. ఉడ్రాఫ్ దంపతులు శివచంద్రుల వద్ద కాశీలో దీక్ష పొందిరని శిష్యపరంపరలో చెప్పుకొందురు. ఒకనాడు తీర్పు చెప్పబోవు జడ్జి గారి మనస్సు ఎంత ప్రయత్నించినను నిలువకుండెనట. బయట వెదకగా కోర్టు ఆవరణలో ఒక సన్న్యాసి జపము చేయుచు కూర్చుండెనట. అది కక్షిదారులలో ఒకరు తాంత్రికునిచే చేయించిన ప్రయోగమట. దానితో ఆయనకు తంత్రముపై జిజ్ఞాస కలిగెనట. ఈ 'అట'లను గమనింపుడు. కథ రుచికరముగ ఉన్నది. ప్రవచనములలో దీనిని మసాలా దట్టించి చెప్పువారిని మేమును వింటిమి. కాని చూచినవాడు వచ్చి చెప్పిన మాట కాదిది. అమీర్ అలీ - ఉడ్రాఫ్ వ్యాఖ్యానము చదివిన ఏ మున్సబు కోర్టులోనైనను ఇది నిలువదు. దీక్షావిషయము గుహ్యమని మన సంప్రదాయమే చెప్పుచున్నపుడు దానిని పట్టి లాగనేల? కోణార్క దేవాలయమున ధోవతి కట్టుకొని తీయించుకొనిన వారి ఛాయాచిత్రమొకటి మిగిలియున్నది. కంటికి కనబడు సాక్ష్యము అంతవరకు చాలును.

మహానిర్వాణతంత్రమును గూర్చియు నిజము చెప్పుకొనవలెను. తొలి సాక్షిగా ఉడ్రాఫ్ గారు బోనులో నిలిపిన గ్రంథమది. బ్రహ్మోపాసన, సంయమము, స్త్రీలయెడ గౌరవము, దాయభాగ నియమములు, అన్నియు అందు మర్యాదగ ఉండును. మరీ మర్యాదగ ఉండుటయే తరువాతివారికి సందేహహేతువైనది. హిందూ ధర్మశాస్త్ర చరిత్రలో నిపుణుడైన డంకన్ డెరెట్, అందలి వ్యవహార ప్రకరణములను పరిశీలించి, అది కంపెనీ పాలన తొలినాళ్ళలో పదునెనిమిదవ శతాబ్దాంతమున బెంగాలులో కూర్చబడినదని వాదించెను. వారసత్వ చట్టములలో ఆరితేరిన న్యాయమూర్తికి ఈ అనుమానము రాకుండుట ఆశ్చర్యమే. ప్రియమైన కక్షి పట్ల వకీలుకు ఉండు మెత్తదనమని మేము తలంచుచున్నాము. పంచమకారముల విషయమునను ఆయన వాదము కొంత మెత్తనిదేయని విమర్శకులందురు. అయితే పురాతనమా నూతనమాయను విచారణకైనను గ్రంథము చేతికి రావలెను గదా! అది వచ్చినది ఆయన మూలముననే.

తంత్రమునకే పరిమితము కాలేదు వారి పరిశ్రమ. 1907లో అవనీంద్రనాథ ఠాగూరు ప్రభృతులు నడపిన ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్‌లో పాలుపంచుకొని, మన చిత్రకళ బొమ్మలాటయని ఈసడించువారి నోరు మూయించుటకు తోడ్పడిరి. 1917లో విలియం ఆర్చర్ అను ఆంగ్ల నాటకవిమర్శకుడు భారతదేశమును గూర్చి ఒక పుస్తకము వ్రాసి మన మతము, కళ, సాహిత్యము, సమస్తమును అనాగరికముగ నిర్ణయించెను. దానికి ఉడ్రాఫ్ గారు 1918లో 'ఈజ్ ఇండియా సివిలైజ్డ్?' అను గ్రంథముతో బదులిచ్చిరి. మద్రాసులోని గణేశ్ అండ్ కంపెనీ వారు దానిని ప్రచురించిరి. ఆనాడు మద్రాసు తెలుగువారికిని ముఖ్యపట్టణమే కనుక మన ప్రాంతపు విద్యావంతులకు ఆ పుస్తకము దూరపు వస్తువు కాలేదు. పుదుచ్చేరిలోని శ్రీ అరవిందులు ఆ పేరునే తీసుకొని ఆర్య పత్రికలో తమ వ్యాసపరంపర నారంభించిరి. భారతసంస్కృతిపై శ్రీ అరవిందుల మహావ్యాసములకు అదియే ఉపక్రమము. ఆ తరువాతి దశాబ్దములలో అవలాన్ గ్రంథములను అచ్చువేసి నిలిపినదియు ఆ మద్రాసు ప్రచురణశాలయే.

ఇచట ఒక అప్రియమైన మాట చెప్పక తప్పదు. దొర మెచ్చినాడు గనుక మన శాస్త్రము గొప్పదని గంతులు వేయు అలవాటు మనకు కలదు. ఉడ్రాఫ్ గారు విదేశ ప్రభుత్వపు జీతము తిన్న ఉద్యోగి. ఆ ప్రభుత్వముపై ధ్వజమెత్తినవారు కారు. ఆయన చెప్పినదానిలో చాలభాగము శివచంద్రులు వంగభాషలో అంతకు ముందే ఎలుగెత్తి చెప్పియుండిరి. కలకత్తా చదువరులు దానిని పెడచెవిని పెట్టిరి. న్యాయపీఠమునుండి, ఆంగ్లభాషలో, తెల్లవాని నోట వచ్చినపుడు చెవియొగ్గిరి. ఇందు ఉడ్రాఫ్ గారి దోషమేమియు లేదు. తనకు వినబడు చోట నిలిచి, వినబడనివారి మాటను ఆయన వినిపించిరి. దోషము విన్నవారిది, అనగా మన ముందుతరములవారిది. మాతృభాషలో ఆగమములను బోధింపగల పెద్దలు మన ఊళ్ళలో మూలలందుండ, ఆంగ్లపుస్తకము చదివి శ్రీచక్రమును గూర్చి తెలిసికొనువారు నేడును కలరు.

ఉడ్రాఫ్ గారి ధర్మపత్ని ఎలెన్ గారు పియానో వాద్యమున నిపుణురాలు. 1913 నాటి దేవీస్తోత్రముల ఆంగ్లానువాదముపై ఆర్థర్ అవలాన్‌తో పాటు ఎలెన్ అవలాన్ అను పేరును కలదు. శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధములైన స్తోత్రములు అందు చేరినవి. ప్రమథనాథ ముఖోపాధ్యాయులతో కలిసి శక్తిరూపమైన జగత్తును గూర్చి వ్రాసిన పుస్తకములు మరికొన్ని. ఆ ముఖోపాధ్యాయులే పిదప సన్న్యసించి స్వామి ప్రత్యగాత్మానంద సరస్వతియైరి. వర్ణములు, నాదము, బిందువు మున్నగువానిపై వ్రాసిన 'గార్లండ్ ఆఫ్ లెటర్స్' 1922లో, అనగా కలకత్తా విడిచిపోవు సంవత్సరమున వెలువడెను.

దేశము విడిచినను గ్రంథమాల ఆగలేదు. కలకత్తాలో ఘోష్ గారు కూర్చుండి పని సాగించుచునే ఉండిరి. లక్ష్మణదేశికుల శారదాతిలకము రాఘవభట్టు వ్యాఖ్యతో 1933లో ఆ మాలయందు ప్రకటితమైనది. మన అర్చకులకు, మంత్రశాస్త్రజ్ఞులకు నిత్యము అక్కరకు వచ్చు గ్రంథమది. 1936 జనవరిలో అటల్ బిహారీ ఘోష్ కాలధర్మము చెందిరి. కొద్ది దినములకే, ఆ నెల 18వ తేదీన, ఫ్రాన్సు దేశపు దక్షిణతీరమున బోసోలే అను ఊరిలో సర్ జాన్ ఉడ్రాఫ్ కన్నుమూసిరి. పుస్తకములపై ఆర్థర్ అవలాన్ పేరు మాత్రము అట్లే అచ్చగుచున్నది.